కృష్ణాష్టమి: సీడైలు నూనెలో పేలుతున్నాయి, పాదాలు ఎడమవే వస్తున్నాయి, తేదీ తేలడం లేదు

విల్లివాక్కం ఫ్లాటు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు వైపు పద్ధతి. కృష్ణాష్టమికి అటుకులు, బెల్లం, వెన్న, మీగడ పెరుగు, శొంఠి కాయం పెట్టి సాయంత్రం ఊయల ఊపుతాం. చెన్నై వచ్చాక ఇక్కడి వాళ్ళలాగా గుమ్మంలోంచి బియ్యప్పిండితో కృష్ణుడి పాదాలు వెయ్యడం, సీడై (బియ్యప్పిండి ఉండలు నూనెలో వేయించేది), మురుకు కూడా కలుపుకున్నాం. చిక్కంతా ఈ కలుపుకున్న వాటితోనే.

ఉప్పు సీడైకి నా కొలత: అంగట్లో కొన్న బియ్యప్పిండి రెండు కప్పులు, మినప్పిండి పావు కప్పు, పచ్చికొబ్బరి గుప్పెడు, వెన్న, నువ్వులు, రాళ్ళుప్పు. ఉండలు గోలీకాయలంత, నున్నగా చేశాను. మూడు వాయిలు బాగానే వచ్చాయి. నాలుగో వాయిలో పేలడం మొదలైంది, నూనె గోడ మీదికి చిమ్మింది. వంటసోడా చిటికెడు వేస్తే పేలవంటున్నారు, నిజమేనా?

పాదాలు పిడికిలితో అద్దుతుంటే అన్నీ ఎడమ పాదాలే వస్తున్నాయి. ఆరాక టైల్స్ మీద పెచ్చులుగా లేచిపోతున్నాయి కూడా.

ఇక తేదీ. క్యాలెండరులో ఒక రోజు, గుడిలో ఇంకో రోజు. 2025లో అయితే కింది ఫ్లాటువాళ్ళు ఏకంగా నెల తర్వాత చేశారు. మేం స్మార్తులం. అర్ధరాత్రి దాకా ఆగాలా, సాయంత్రం చేసేస్తే చాలా?

అసోసియేషన్ వాళ్ళు ఈసారి పిల్లల చేత టెర్రస్ మీద ఉట్టి కొట్టిద్దామంటున్నారు. కళ్ళకు గంతలు కట్టి, కర్రతో. దాని గురించి తెలిసినవాళ్ళు కూడా చెప్పండి.

మావుమిల్లు:

మీ కొలతలోనే తప్పులున్నాయండీ. సోడా సంగతి తర్వాత చెప్తాను, ముందు అసలు విషయం.

సీడై పేలేది ఆవిరి వల్ల. ఉండ నూనెలో పడగానే పైపొర గట్టిపడుతుంది, లోపలి తడి ఆవిరవుతుంది. సందు దొరికితే ఆ ఆవిరి బుడగలు బుడగలుగా బయటికొచ్చేస్తుంది. దొరక్కపోతే ఉండను పగలగొట్టుకుని వస్తుంది. లోపల తడి తగ్గించాలి, పైన సందు ఉంచాలి. పెద్దవాళ్ళు చెప్పే జాగ్రత్తలన్నీ ఈ రెండింటి కోసమే.

పిండితో మొదలుపెడదాం. మన కిరాణా కొట్లలో 'మావు పచ్చరిసి', అంటే పిండికి వాడే పచ్చిబియ్యం, అని అడిగితే ఇస్తారు. ఉప్పుడు బియ్యం పనికిరాదు. కిలో తీసుకోండి. సీడైకి అంత అక్కర్లేదు గానీ, మిల్లులో మరీ తక్కువ పోస్తే మరలోనే సగం ఉండిపోతుంది. మిగిలింది మురుకులకీ చెక్కలకీ పనికొస్తుంది. బియ్యం కడిగి గంట నానబెట్టి, వడగట్టి, పాత పంచె మీద ఫ్యాను కింద అరగంట పరవండి. ఎండలో వద్దు. గుప్పెట పట్టి వదిలితే నాలుగు గింజలు అరచేతికి అంటుకోవాలి, చెయ్యి మాత్రం తడవకూడదు. మిల్లులో 'ఈర అరిసి' (తడిబియ్యం) అని ముందే చెప్పండి. మీకన్నా ముందు గోధుమలో మిరపకాయలో ఆడించి ఉంటే మొదటి గుప్పెడు పిండి పక్కన పెట్టేయండి.

పిండి రాగానే జల్లించి, మందపాటి మూకుట్లో సన్నని సెగ మీద వేయించండి. రంగు మారకూడదు. వేళ్ళతో తీసి ముగ్గు గీత గీస్తే తెగకుండా జారాలి, అదే గుర్తు. దించి చల్లారాక మళ్ళీ జల్లించాలి. వేయించేటప్పుడు కట్టిన చిన్న చిన్న ఉండలే సీడైలో బాంబులు. మైదా జల్లెడ వాడండి. పైన మిగిలిన నూకను మళ్ళీ మిక్సీలో తిప్పి కలిపేద్దామని ఆశపడొద్దు, ఉప్మాలోకి వెళ్ళిపోనివ్వండి.

మినప్పప్పు ఎర్రగా వేయించి, చల్లారాక పొడి చేసి, అదే సన్న జల్లెడలో జల్లించాలి. రెండు కప్పుల బియ్యప్పిండికి రెండు టేబుల్ స్పూన్లు చాలు. మీరు పావు కప్పు వేశారు, అంటే రెట్టింపు. మినుము ఎక్కువైతే ఉండ పొంగుతుంది, పేలడానికి అదొక దారి.

వెన్న రెండు టేబుల్ స్పూన్లు, ఉప్పు లేనిది. అట్టపెట్టెలో వచ్చే పసుప్పచ్చ వెన్నలో అసలే ఉప్పుంటుంది, దాంతో లెక్క తప్పుతుంది. నువ్వులు ఒక టీస్పూను, రాళ్ళు ఏరి. ఉప్పునీ ఇంగువనీ పిండిలో నేరుగా వెయ్యకండి. అర కప్పు నీళ్ళలో కరిగించి గుడ్డలో వడగట్టండి. కరగని ఉప్పురాయి ఒక్కటి చాలు ఉండ విచ్చిపోవడానికి.

కలపడం: ముందు వెన్న పిండికి పట్టించి వేళ్ళతో నలపాలి, రవ్వలా అవుతుంది. తర్వాత ఉప్పునీళ్ళు చిలకరిస్తూ ముద్ద చెయ్యండి, చాలకపోతే మామూలు నీళ్ళు. చపాతీ పిండిలా మర్దించకండి, ముద్ద కట్టిందంటే చెయ్యి తీసేయాలి.

ఉండలు మీరు నున్నగా చేశారు చూడండి, అక్కడే సందులన్నీ మూసుకుపోయాయి. అరచేతుల మధ్య నొక్కి తిప్పకుండా మూడు వేళ్ళతో వదులుగా దొర్లించి వదిలేయండి. పైన సన్న బీటలు కనిపించాలి. అందంగా ఉండవు, కానీ పేలవు. గోలీ సైజు కూడా ఎక్కువే. కాబూలీ శనగగింజంత చాలు. చేసినవన్నీ గుడ్డ మీద పావుగంట ఆరనిచ్చి, ఒక్కోదాన్ని గుండుసూదితో ఒక్క పోటు పొడవండి. రెండొందల ఉండలకి విసుగే, అయినా గోడ కడగడం కన్నా నయం.

ఇక మీ నాలుగో వాయి. మొదటి వాయి నుంచి మంట ఒకేలా ఉంచి ఉంటారు. వాయి వాయికీ నూనె వేడెక్కుతూ పోయింది, నాలుగో వాయి పడేసరికి పైపొర క్షణంలో బిగిసింది. లోతైన మూకుడు, సగానికి మించని నూనె, మధ్యరకం మంట. రవ్వంత పిండి వేస్తే అడుగుకు పోయి నింపాదిగా పైకి తేలాలి, సర్రున లేచిందంటే మంట తగ్గించండి. ప్రతి వాయికీ ముందు రెండే రెండు ఉండలు వేసి ఒక నిమిషం చూడండి, ఆ తర్వాతే గుప్పెడు. వేసిన వెంటనే గరిట పెట్టకండి. నూనెలో సద్దు అణిగి, గరిటతో కదిపితే గలగలమంటే అయినట్టే. లేత బంగారు రంగులో తీసేయండి, బయటికొచ్చాక ఇంకో ఛాయ ముదురుతుంది.

ఒక్కటి టప్‌మన్నా స్టవ్ ఆపేసి, మూత పెట్టి, వెనక్కి జరగండి. మిగిలినవి తీసేద్దామని వంగొద్దు, పేలేది వరసగానే పేలుతుంది. అందుకే మూత ముందుగానే చేతికందేలా ఉండాలి. రెండు మూడు నిమిషాలు సద్దు లేకపోతే అప్పుడు తియ్యండి. ఆ పిండితో మళ్ళీ సీడై జోలికి వెళ్ళకండి. చెక్కలుగా పల్చగా ఒత్తి ఫోర్కుతో నాలుగు పోట్లు పొడిస్తే అదే పిండి నిక్షేపంగా వేగుతుంది.

పొయ్యిగట్టు:

పైన చెప్పిన దానికి ఒక్క చేర్పు, ఒక్క పేచీ.

కొబ్బరి గురించి మావుమిల్లు గారు ఊసే ఎత్తలేదు. పచ్చికొబ్బరి తురుము గుప్పెడు వేస్తే పిండి వేయించి తీసేసిన తడంతా తిరిగి తెచ్చిపెట్టినట్టే. రెండు టేబుల్ స్పూన్లు మించకూడదు. అదీ నల్ల పెంకు పొర తగలకుండా తురిమి, వట్టి మూకుట్లో తడి పోయేదాకా వేయించి వెయ్యాలి. కొత్తగా చేసేవాళ్ళు మొదటిసారి కొబ్బరి మానేయడమే మంచిది.

పేచీ సూది గురించి. ఉండ వదులుగా చేసి బీటలుంటే సూదిపోటు అక్కర్లేదు. నున్నగా చేసి సూదితో పొడిచినా, ఆ కంత వేగుతున్నప్పుడు మూసుకుపోవచ్చు. సూదిని నమ్ముకుని ఉండలు బిగించి చేయడం మొదలుపెడతారు, అదీ ప్రమాదం.

సోడా వద్దు. సోడా తనే గ్యాసు పుట్టిస్తుంది, మీకున్న చిక్కే లోపలి ఒత్తిడి. పైగా సీడై నూనె తాగి మెత్తబడుతుంది.

మావుమిల్లు:

సూది మాట ఒప్పుకుంటాను, వదులుగా చేసేవాళ్ళకి అక్కర్లేదు. కొత్తవాళ్ళ చేతికి ఆ వదులు వెంటనే రాదు కాబట్టి చెప్పాను.

తిథివారం:

తేదీ సంగతి. మీరు స్మార్తులు కాబట్టి చూసుకోవాల్సింది ఒక్కటే: అర్ధరాత్రి వేళ శ్రావణ బహుళ అష్టమి ఏ రోజున ఉంది? రోహిణి కూడా కలిస్తే దాన్ని జయంతి అంటారు, విశేషం. కలవకపోయినా పండుగ ఆగదు. వైష్ణవులు సప్తమి తగిలిన అష్టమిని పక్కనపెట్టి, సూర్యోదయానికి శుద్ధంగా అష్టమి ఉండాలంటారు. రోహిణికి బరువెక్కువ ఇస్తారు. 2023లో సెప్టెంబరు 6, 7 అని రెండు రోజులు వచ్చింది ఇందుకే.

2025 మరీ చిక్కు సంవత్సరం. అష్టమి ఆగస్టు 15 రాత్రి 11:49కి మొదలై 16 రాత్రి 9:34కి పోయింది. రోహిణి 17 తెల్లవారుజామున గానీ రాలేదు. అష్టమికీ రోహిణికీ అసలు కలయికే లేదు. అర్ధరాత్రి లెక్క పట్టుకున్నవాళ్ళకి 15, ఉదయం అష్టమి కావాలన్నవాళ్ళకి 16. తమిళనాడు ప్రభుత్వ సెలవు 16న ఇచ్చారు.

మీ కింది ఫ్లాటువాళ్ళది తప్పు కాదు, వాళ్ళది సౌరమానం. సూర్యుడు సింహరాశిలో ఉండగా, అంటే తమిళుల ఆవణి నెలలో వచ్చే బహుళాష్టమి, రోహిణి వాళ్ళకి ముఖ్యం. 2025 ఆగస్టు 16 ఆడి నెలకి ఆఖరి రోజు, ఆవణి 17న పుట్టింది. ఒక్క రోజు తేడాలో ఆ అష్టమి తప్పిపోయింది. అందుకని తర్వాతి బహుళాష్టమి దాకా ఆగారు, అది సెప్టెంబరు 14న, రోహిణితో కలిసి వచ్చింది. ఉడుపిలో చేసిందీ ఆ రోజే. 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో శ్రావణ బహుళాష్టమి సెప్టెంబరు 4కి వెళ్ళింది. అప్పటికి ఆవణి నడుస్తూ ఉంటుంది కాబట్టి నెల తేడా రాదు.

ఉత్తరాది క్యాలెండర్లో 'భాద్రపద కృష్ణాష్టమి' అని కనిపిస్తే కంగారుపడకండి. వాళ్ళ నెల పున్నమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. పేరే తేడా, రోజు అదే.

అర్ధరాత్రి అంటే గడియారంలో 12 కొట్టడం కాదు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా రాత్రిని పదిహేను భాగాలు చేస్తే నడిమిది, ఎనిమిదోది నిశీథం. ఆగస్టు నడుమ చెన్నైలో పొద్దు దాదాపు 6:30కి కుంకి 5:57కి పొడుస్తుంది. లెక్క వేస్తే నిశీథం సుమారు 11:50 నుంచి 12:35 వరకు. అష్టమి చంద్రుడు ఉదయించేదీ అటూ ఇటూగా అప్పుడే, అందుకే చంద్రుడికి అర్ఘ్యం ఆ వేళకి కుదురుతుంది.

సాయంత్రమా, అర్ధరాత్రా అన్నారు. చెన్నైలో చాలా ఇళ్ళలో దీపాలు పెట్టే వేళకే పాదాలు, పూజ, నైవేద్యం ముగించేస్తారు, పిల్లలు మెలకువగా ఉంటారని. అది తప్పని ఎవరూ అనరు. ఉపవాసం ఉన్నవాళ్ళు మాత్రం నిశీథం దాకా ఆగి, శంఖంలో నీళ్ళు, పాలచుక్క, గంధం, అక్షతలు, పువ్వు వేసి కృష్ణుడికీ చంద్రుడికీ అర్ఘ్యాలిచ్చి, పారణ మర్నాడు పెట్టుకుంటారు. ఇంట్లో ఇద్దరు ఉపవాసం, మిగతావాళ్ళు కాదు అనుకుంటే సాయంత్రం పెద్ద పూజ, అర్ధరాత్రి అర్ఘ్యం ఒక్కటి, అలా పెట్టుకోండి.

తులసి మాత్రం పొద్దున్నే కోసి పెట్టుకోండి. పొద్దుపోయాక తులసి కొయ్యరు. అర్ధరాత్రి పూజకి కూర్చున్నాక గుర్తొస్తే చేసేదేం లేదు.

తెల్లముగ్గు:

పాదాలకి పిండి: పచ్చిబియ్యం అర కప్పు రెండు గంటలు నానబెట్టి, వెన్నలా రుబ్బి, పల్చటి మజ్జిగంత జారుగా చేసుకోండి. రెండు పడకగదుల ఫ్లాటులో గుమ్మం నుంచి పూజగది దాకా ఇది చాలు, మిగులుతుంది కూడా. పెచ్చులు లేస్తున్నాయంటే మీ పిండి చిక్కగా ఉందన్నమాట. నున్నటి టైలు మీద మందంగా పడితే ఆరాక పట్టు ఉండదు. పలచగా వేసినప్పుడు మొదట నీళ్ళలా కనిపించి అసలు పడలేదేమో అనిపిస్తుంది. పది నిమిషాలాగితే తెల్లగా తేలుతుంది. ఓపిక లేక దాని మీదే మళ్ళీ అద్దితే మందమవుతుంది, ఆకారమూ చెడుతుంది. ఇంకోటి, టైలుకి నూనె జిడ్డుంటే ఏ పిండీ పట్టదు. పొద్దున్నే సబ్బునీళ్ళతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. సీడై వేయించాక తుడిస్తే ఇంకా మంచిది.

ఇక అన్నీ ఎడమవే ఎందుకొస్తున్నాయంటే, మీరు ఎడమచేత్తో గిన్నె పట్టుకోవాల్సింది పోయి, బహుశా ఎడమ పిడికిలే వాడుతున్నారు, లేదా కుడి పిడికిలితో అద్ది బొటనవేలు తప్పు వైపు పెడుతున్నారు. పద్ధతి ఇదీ: కుడి పిడికిలి వదులుగా మూసి, చిటికెన వేలి వైపు అంచును పిండిలో ముంచి, నేల మీద నిలువుగా అద్దండి. మణికట్టు వైపు పడేది మడమ. అరచెయ్యి మూసుకున్న వైపు లోపలికి వంపు తిరుగుతుంది, అదే పాదం లోపలి వంపు. కుడి పిడికిలికి ఆ వంపు ఎడమ పక్కన వస్తుంది, కాబట్టి అది కుడి పాదం. బొటనవేలు ఆ వంపు ఉన్న వైపే పడాలి. అక్కడ బొటనవేలితో పెద్ద చుక్క పెట్టి, మిగతా నాలుగూ ఉంగరం వేలి కొసతో చిన్నవి చేసుకుంటూ బయటి వైపుకి దించండి. ఎడమ పాదానికి ఎడమ పిడికిలి. రెండు చేతులూ వాడాల్సిందే, ఒక్క చేత్తో రెండు పాదాలు రావు.

ఇంకో తిరకాసు. ఇలా అద్దినప్పుడు వేళ్ళు ఎప్పుడూ మీకు ఎదురుగా, అవతలి వైపుకి చూస్తాయి. కృష్ణుడు లోపలికి వస్తున్నాడు కాబట్టి వేళ్ళు పూజగది వైపు ఉండాలి. అంటే మీరూ పూజగదికి ఎదురుగా కూర్చోవాలి. గుమ్మం దగ్గర మొదలుపెడితే వేసిన పాదాల మీదే ముందుకు జరగాల్సి వస్తుంది, చీర కుచ్చిళ్ళు తుడిచేస్తాయి. పూజగది దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా రండి. పాదానికీ పాదానికీ జానెడు దూరం, కుడి ఎడమలు కొంచెం ముందు వెనకగా ఉంటే పసివాడి నడకలా ఉంటుంది. రెండూ జంటగా వేస్తే గెంతుతున్నట్టుంటుంది.

నడిచే దారికి ఒక పక్కగా వెయ్యండి, నట్టనడుమ వద్దు. తడి మీద కాలు పడితే జారుతుంది. లిఫ్టు ముందు, మెట్ల మీద వెయ్యకండి. మర్నాడు తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, లేకపోతే చీమలు చూసుకుంటాయి.

విల్లివాక్కం ఫ్లాటు:

అందరికీ ధన్యవాదాలండీ. ఎడమ పిడికిలే వాడుతున్నాను, కుడిచేత్తో గిన్నె పట్టుకుని! రెండు అనుమానాలు. మిల్లుకు వెళ్ళే వీలు లేకపోతే ప్యాకెట్ బియ్యప్పిండితో సీడై కుదురుతుందా? నైవేద్యానికి ముందు రుచి చూడకూడదు కదా, ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుసుకునేది? ఇంకా, పాలప్యాకెట్ల మీగడతో వెన్న తీస్తే జిడ్డులా చేతికి అంటుకుంటోంది గానీ ముద్ద కట్టడం లేదు.

మావుమిల్లు:

ప్యాకెట్ పిండి కుదురుతుంది. 'ఇడియాప్పం పిండి' అని ఉన్నది కొనండి, అది సన్నగా ఉంటుంది. వేయించే ఉందని రాసి ఉన్నా మూకుట్లో మరో నాలుగైదు నిమిషాలు వెచ్చచేసి జల్లించండి, ఈ ఊరి ఆగస్టు గాలికి ప్యాకెట్ విప్పగానే తడి లాక్కుంటుంది. మామూలు దోశ పిండి రకం వద్దు, గరుకుగా ఉంటుంది. ప్యాకెట్ పిండి నీళ్ళు ఎక్కువ తాగుతుంది, కాబట్టి నీళ్ళు కొలిచి పోయకుండా చేతికి తెలిసేదాకా చిలకరించండి.

ఉప్పు విషయంలో నాలుకను నమ్ముకోలేం కాబట్టే చెంచాను నమ్ముకోవాలి. రెండు కప్పుల పిండికి గీత దాటని ఒక టీస్పూను పొడి ఉప్పు. రాళ్ళుప్పు చెంచాతో కొలిస్తే ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, అందుకే పొడి ఉప్పు. వేగాక సీడైలో తడి పోయి ఉప్పు పైకి తెలుస్తుంది, పిండి దశలో 'కొంచెం తక్కువేమో' అనిపించేదే సరైన పాళ్ళు.

కవ్వం:

వెన్న ముద్ద కట్టకపోవడానికి కారణం చెన్నై వేడి. మీగడ వెచ్చగా ఉన్నప్పుడు చిలికితే కొవ్వు కరిగి నూనెలా తేలుతుంది, ఒకదానికొకటి అతుక్కోదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మీగడ పెరుగులో చిలికే ముందు అర గ్లాసు ఐసునీళ్ళు పోయండి, మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి. మొదట నురుగు వస్తుంది, తర్వాత రవ్వలు విడిపడతాయి. రవ్వలు కనపడగానే ఆపేయండి, ఇంకా తిప్పితే మళ్ళీ జిడ్డే. చేతిని ఐసునీళ్ళలో ముంచి ముద్ద చేసి, మజ్జిగ వాసన పోయేదాకా రెండు మూడు నీళ్ళు మార్చి కడగండి.

మీగడకి టోన్డ్ పాలు పనికిరావు. ఆవిన్ (తమిళనాడు సహకార డెయిరీ) ఆరెంజ్ పాల ప్యాకెట్‌లో 6 శాతం కొవ్వు ఉంటుంది. లీటరుకి లెక్క ప్రకారం 60 గ్రాముల కొవ్వు, దాంట్లో మీగడగా మన చేతికొచ్చేది కొంతే. నాలుగైదు రోజుల మీగడ కూడబెడితే గానీ కృష్ణుడి చేతిలో పెట్టేంత ముద్ద రాదు. మొదటి రోజే చెంచాడు పెరుగు తోడు వేసి ఫ్రిజ్‌లో దాయండి, తోడు లేని మీగడ నాలుగో రోజుకి చేదెక్కుతుంది. నైవేద్యం వెన్నకి ఉప్పు కలపరు, కలకండ పొడో చక్కెరో ఒక చిటికెడు.

ఉట్టిచేరు:

టెర్రస్ మీద ఉట్టి వద్దండీ. కళ్ళకి గంతలు, చేతిలో కర్ర, చుట్టూ నడుమెత్తు పిట్టగోడ, ఈ మూడూ కలవకూడదు. కింద పార్కింగ్‌లో బండ్లు ఒక పూట బయట పెట్టించి, అక్కడ దూలానికి కట్టండి. కొక్కెం లేకపోతే రెండు స్తంభాల మధ్య అడ్డంగా తాడు లాగండి. నీళ్ళ పైపులకీ కరెంటు గొట్టాలకీ కట్టకండి, కర్ర దెబ్బకి ఊడొస్తాయి.

కుండ పలచటిది, రెండు లీటర్లు పట్టేది. నీళ్ళ కుండలు మందంగా ఉంటాయి, పిల్లల దెబ్బకి పగలవు, పగిలితే పెంకు బరువుగా నెత్తిన పడుతుంది. కింద పీచుతో చుట్టకుదురు చేసి దానికి మూడు చేర్లు సమానంగా కట్టి పైన ముడి వెయ్యండి. రెండు చేర్లయితే కుండ ఒరిగిపోతుంది. లోపల అటుకులు, పేలాలు, బెల్లం ముక్కలు, చాక్లెట్లు. నాణేలు వద్దు, కళ్ళల్లో పడతాయి. పెరుగూ పసుపునీళ్ళూ కుండలో నింపితే బరువు, నేలంతా జారుడు. పసుపునీళ్ళు వేరే బిందెలో పెట్టుకుని చల్లండి చాలు.

తాడు రెండో కొస ఒక పెద్దాయన చేతిలో కప్పీ మీదుగా ఉండాలి. ఐదేళ్ళ పిల్ల వస్తే దించుతాడు, పదో తరగతి కుర్రాడు వస్తే లాగేస్తాడు. సరదా అంతా ఆ లాగేవాడి చేతిలోనే ఉంది, మంచివాణ్ణి పెట్టుకోండి. కర్ర రెండున్నర అడుగులు మించొద్దు. కర్ర చాపితే అందే దూరానికి రెండింతలు వదిలి సున్నంతో గీత గీసి అందర్నీ దాని వెనకే నిలబెట్టండి. కుండ కింద పాత గోనెపట్టాలు పరిచి ఉంచితే పగలగానే నాలుగు కొసలూ పట్టుకుని పెంకులతో సహా ఎత్తేయొచ్చు. చాక్లెట్ల మీదికి పిల్లలు ఎగబడేది అప్పుడే, వట్టి కాళ్ళతో. అందుకని కొంచెం చాక్లెట్లు విడిగా పెట్టుకుని పక్కన పంచండి, పెంకుల్లో ఏరుకోనివ్వకండి.

అష్టమి రోజునే చెయ్యాలని లేదు. తిరుమలలో కూడా గోకులాష్టమి ఆస్థానం ఒక రోజు, ఉట్లోత్సవం మర్నాడు. మర్నాడైతే ఉపవాసం ఉన్నవాళ్ళూ తింటారు, వంటింటి హడావిడీ ఉండదు.

మాంబళం కిచెన్:

పనిలో పనిగా, బెల్లం సీడై నూనెలో విచ్చిపోతోంది. పేలడం లేదు, ఇసకలా చెదిరిపోతోంది. కప్పు పిండికి కప్పు బెల్లం వేశాను.

పొయ్యిగట్టు:

బెల్లం ఎక్కువైందండీ. కప్పు వేయించిన పిండికి ముప్పావు కప్పు తురిమిన బెల్లమే, అంతకు మించితే నూనెలో బెల్లం కరిగి పిండిని వదిలేస్తుంది. పావు కప్పు నీళ్ళలో కరిగించి, వడగట్టి, రెండు నిమిషాలు మరిగితే చాలు, పాకం రాకూడదు. పాకం ముదిరితే సీడై రాయవుతుంది. పొయ్యి ఆపి మినప్పిండి ఒక టేబుల్ స్పూను, యాలకుల పొడి, వేయించిన కొబ్బరి, బియ్యప్పిండి వేసి కలిపి అరగంట మూతపెట్టండి. ఆ అరగంటలో పిండి తడి పీల్చుకుని బిగుస్తుంది. మొదట జారుగా ఉందని తొందరపడి పిండి కలిపితే తర్వాత బీటలిస్తుంది. అరగంట తర్వాతా చేతికి అంటుకుంటుంటే అప్పుడు ఒక చెంచా పిండి.

వీటికి సన్న మంటే. పెద్ద మంట మీద పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటాయి. ముందు ఉప్పు సీడై వేయించేసి ఆఖరున ఇవి వెయ్యండి, బెల్లం మడ్డి నూనెలో దిగాక ఇంకేం వేసినా రంగు పడుతుంది. కొబ్బరి ఉంటుంది కాబట్టి మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. ఉప్పు సీడై పూర్తిగా చల్లారాక డబ్బాలో పెడితే రెండు వారాలు కరకరలాడతాయి. వెచ్చగా ఉండగా మూత పెట్టారో, మర్నాటికే మెత్తబడతాయి.